చేయి చేరని క్లిప్పు
(ఇంజను మానిఫోల్డును విప్పి బిగించు విధము)

వేసవి దుక్కియందు ట్రాక్టరు చుట్టును లేచు దుమ్ము మీరెఱిగినదే. ఆ దుమ్ము నడుమనే ఇంజను గాలి పీల్చుచుండును. పీల్చిన గాలి ఎయిర్ క్లీనరులో శుభ్రపడి, రబ్బరు హోసుగుండ మానిఫోల్డను లోహపు గొట్టమును జేరి, కాలువనీరు బోదెలకు పారినట్లు, అచ్చటనుండి ఒక్కొక్క సిలిండరునకు పోవును. హోసు రెండు కొనలను క్లిప్పులు బిగించి పట్టియుంచును. ఎయిర్ క్లీనరు దాటిన పిమ్మట ఎచ్చట సందున్నను వడకట్టని గాలి లోనికి జొచ్చును. మట్టియందలి ఇసుక రేణువు ఇనుముకంటె కఠినమైనది. అది పిస్టనునకును లైనరునకును నడుమ జేరి ఆకురాయివలె అరగదీయును. రింగులరుగును, ఇంజను ఆయిలు త్రాగును, నీలిపొగ వచ్చును, బలము తగ్గును.

ఈ పాఠము మేము నష్టపడి నేర్చినది. ఒక సంఘపు ట్రాక్టరునకు మేమే దగ్గరనుండి మానిఫోల్డు ప్యాకింగు మార్పించితిమి. ముందరి క్లిప్పును కన్నులార జూచి బిగించితిమి. ఇంజను వెనుక నున్నదానిని వ్రేలితో తడిమి, బిగిసినదని తలచితిమి. అది హోసు అంచును దాటి వట్టి గొట్టముపై బిగిసియుండెను. దుక్కులు ముగియునప్పటికి ఇంజను ఆయిలు త్రాగసాగెను. విప్పి చూడగా లైనర్లు గీతలు పడియుండెను. తప్పు మాది, ఖర్చు సభ్యులందరిది. అందుచేతనే ఈ వ్యాసము వ్రాయుచున్నాము.

విప్పుటకు ముందు: ఇంజనును పూర్తిగా చల్లారనీయవలెను. బ్యాటరీ ఎర్తు తీగను మొదట తీయవలెను. ఏలయన పొడవైన పానా స్టార్టరు తీగకు తగిలినచో నిప్పురవ్వలు లేచును. పిదప హోసు చుట్టును పేరుకొన్న మట్టిని బ్రష్షుతోను గుడ్డతోను తుడువవలెను. మట్టి యుండగా హోసు లాగుట మన చేతులతో ఇంజనులో దుమ్ము పోయుటయే. కొన్ని ఇంజనులలో మానిఫోల్డునకు నీటి హోసు కూడ తగిలియుండును. అట్టివానిలో నీటిని ముందుగా పాత్రలోనికి దించవలెను. కూలెంటు కలిసిన నీరు తియ్యగా నుండుటచే పశువులు త్రాగును. అది విషము గనుక వెంటనే మూతపెట్టి దూరముగా నుంచవలెను.

క్లిప్పును వదులు చేయుట: మరతో బిగియు ఈ క్లిప్పునకు 1921లో బ్రిటిషు నౌకాదళమున కమాండరుగా పనిచేసిన లమ్లీ రాబిన్‌సన్ పేటెంటు పొందెను. పట్టీపైనున్న గాళ్లలో మర పండ్లు పడి, త్రిప్పినకొలది పట్టీని లాగి బిగించును. మర తలపై స్క్రూ డ్రైవరునకు గాడియు, చుట్టును ఆరుపలకలును సాధారణముగా నుండును. మూలనున్న క్లిప్పునకు స్క్రూ డ్రైవరు పనికిరాదు. అది జారి హోసునో చేతినో చీల్చును. పలకలకు సరిపడు బాక్సు పానాను, తరచుగా 7 లేక 8 మిల్లీమీటర్లది, పొడుగుకడ్డీకిని వంగు కీలునకును తగిలించి త్రిప్పవలెను. చిన్న అద్దమొకటి వెనుక బట్టి, టార్చి వెలుతురు దానిపై వేసినచో మర తల కనబడును. త్రుప్పు పట్టినచో త్రుప్పు వదలించు నూనె చుక్కలు వేసి కొంతసేపాగవలెను.

ఎంతకును అందనిచో వేరొక ఉపాయము కలదు. చేయి చేరు రెండవ కొనయందలి క్లిప్పును విప్పి, హోసును మానిఫోల్డునకే యుంచి, రెంటిని కలిపి బయటికి తీసి బల్లపై విప్పవచ్చును. అంటుకొన్న హోసును త్రిప్పుచు వదిలింపవలెనేగాని, ఇనుపకడ్డీతో పెకలింపరాదు.

మానిఫోల్డును తీయుట: నట్లను కొనలనుండి నడుమకు, కొంచెము కొంచెముగా వదులు చేయవలెను. బోల్టుల పొడవులు వేరు వేరుగా నుండవచ్చును గావున, అట్టముక్కకు రంధ్రములు పొడిచి, తీసిన వరుసలోనే గ్రుచ్చి యుంచవలెను. మానిఫోల్డు వచ్చిన తక్షణమే హెడ్డునందలి రంధ్రములను శుభ్రమైన గుడ్డలతో మూయవలెను. గుడ్డలను లెక్కించి పెట్టి, లెక్కించి తీయవలెను. ఒక వాషరు లోన బడినను, అది చేజిక్కువరకు ఇంజనును త్రిప్పనేరాదు. పాత ప్యాకింగును గీతలు పడకుండ గీకి, క్రొత్తది వేయవలెను.

తిరిగి బిగించుట: నట్లను నడుమనుండి కొనలకు, ఇంజను పుస్తకములో చెప్పిన బిగువునకు బిగింపవలెను. క్లిప్పు విషయమై మూడు మాటలు జ్ఞాపకముంచుకొనుడు. ఒకటి, గొట్టము చివరి ఉబ్బునకు ఈవల, హోసు అంచునకు లోపల క్లిప్పు కూర్చుండవలెను. రెండు, మర తల మన పానాకు అందువైపు తిరిగియుండునట్లు బిగించుటకు ముందే అమర్చవలెను. మూడు, రబ్బరు గాళ్లలోనుండి ఉబికి వచ్చునంత బిగింపరాదు. క్లిప్పునకు బదులు కట్టుతీగ చుట్టుట కొందఱ అలవాటు. తీగ హోసును కోయును, సందు మిగుల్చును. బిగించిన పిమ్మట అద్దముతో చుట్టును చూడవలెను. వ్రేలి మాట నమ్మరాదు. ఇంజను వేడెక్కి చల్లారిన పిదప మరియొకమారు బిగువు చూచుట మేలు.

పరీక్ష: టర్బో లేని ఇంజనును నిదానముగా నడిపి, ఎయిర్ క్లీనరు నోటిపై చదునైన పలక నుంచినచో, సందు లేనియెడల అది కొద్దిసేపటిలో ఆగిపోవును. ఆగక నడిచెనా, ఎచ్చటనో గాలి చొచ్చుచున్నదని యర్థము. చేతితో మూయరాదు. టర్బో ఇంజనునకు ఈ పరీక్ష తగదు. దానికి హోసు విప్పి, లోపలి గోడలను తెల్లని గుడ్డతో తుడిచి చూడవలెను. దుమ్ము చార యున్న చోటనే సందు కలదు.

అద్దము, టార్చి, వంగు కీలుగల పానా, కొలతలవారీగా కొన్ని క్లిప్పులు, ఇవి ఇంటింట కొననక్కఱలేదు. సంఘమున ఒక పెట్టె చాలును. దానితోబాటు ఒక పుస్తకముంచి, ఏ క్లిప్పును ఎవరు బిగించిరో, ఎవరు అద్దముతో చూచిరో తేదీతో వ్రాయించుడు. పదిమంది ట్రాక్టరునకు పదిమంది యజమానులున్నను, వెనుక క్లిప్పునకు ఒక్కడు బాధ్యుడుగా నుండవలెను. మేము ఆనాడు ఆ ఒక్కరముగా నుండలేకపోతిమి. మీరైనను ఉందురుగాక యని మా ప్రార్థన.