పిట్టలకు గింజలు - పొరుగువారి హక్కు

హిందూపురంలో డిసెంబరు, జనవరి ఉదయాలు బాగా చలిగా ఉంటాయి. ఫజ్ర్ నమాజు ముగించుకుని ఇంటికి వచ్చేసరికి మేడ మీద పిచ్చుకలు, గోరింకలు చేరి ఉంటాయి. వాటికి గుప్పెడు నూకలో, కొర్రలో చల్లడం మన ఇళ్ళలో పెద్దవాళ్ళ నుంచి వస్తున్న అలవాటు. మంచి అలవాటే. అయితే ఆ గింజలు పిచ్చుకల కంట మాత్రమే పడవు కదా! ఉడుత వస్తుంది, ఎలుక వస్తుంది, పిట్టల కోసం పిల్లి మాటు వేస్తుంది, ఒక్కోరోజు కోతుల గుంపు దిగుతుంది. "పిట్టలకని పెట్టినది కోతి తినిపోతే ఆ పుణ్యం పోయినట్లేనా?" అని ఒక సోదరి అడిగారు.

పోదు. ముస్లిం ఒక మొక్క నాటినా, పైరు వేసినా దాని నుంచి మనిషి గాని, పక్షి గాని, పశువు గాని తిన్నదంతా అతని ఖాతాలో సదఖాగా జమ అవుతుందని దైవప్రవక్త (సఅసం) తెలియజేశారు. హజ్రత్ అనస్ (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. గమనించండి, మొక్క నాటినవాడు ఎవరు తినాలో ఎంచుకోలేదు. భూమి మీద తిరిగే ప్రతి ప్రాణి ఉపాధి బాధ్యత అల్లాహ్‌దేనని దివ్యఖుర్ఆన్ హూద్ సూరా స్పష్టం చేస్తోంది. మన చేయి ఒక సాధనం మాత్రమే. కాబట్టి పిల్లి వచ్చిందని రాయి విసరడం, వేడినీళ్ళు పోయడం తగదు. హజ్రత్ అబూ ఖతాదా (రజి) తాను వుజూ చేసుకోవలసిన నీళ్ళ పాత్రను పిల్లి తాగడానికి వీలుగా వంచి పట్టుకున్నారు.

ఇక్కడితో సమాధానం పూర్తయిందనే నేనూ అనుకునేవాణ్ణి. మా పక్కింటి పెద్దావిడ హిందూ సోదరి. మా ఊరు చింతపండు వ్యాపారానికి పేరుపడినది కదా, సీజనులో ఆమె చింతకాయలు కొట్టి, గింజ తీసి, పండును చాప మీద ఆరబెట్టేది. మా మేడ మీది గింజలకు అలవాటుపడిన కోతులు ఒకరోజు ఆ చాప మీద పడ్డాయి. ఆమె మాతో ఒక్క మాట అనలేదు. మేమే చూసి అడిగితే "నోరులేని జీవాలు, ఏం చేస్తాం నాయనా" అంది. నష్టం ఇచ్చుకుంటామంటే తీసుకోలేదు. సదఖా మాది, దాని ఖరీదు చెల్లించింది ఆమె!

పొరుగువారి గురించి జిబ్రీల్ (అలైహిస్సలాం) ఎంతగా తాకీదు చేశారంటే, వారికి ఆస్తిలో వారసత్వం కూడా కల్పిస్తారేమోనని మహాప్రవక్త (సఅసం) భావించారు. హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ అమ్ర్ (రజి) ఇంట్లో మేకను కోసినప్పుడు, యూదుడైన పొరుగువానికి పంపారా అని అడిగి మరీ ఈ హదీసును వినిపించారు. నఫిల్ దానం కోసం పొరుగువారి హక్కును ఖర్చుపెట్టే అధికారం మనకు లేదు.

అందుకని పెట్టడం మానేయనక్కర్లేదు, పెట్టే పద్ధతి మార్చుకోవాలి. మేము ఇప్పుడు పొద్దున పిట్టలు అరగంటలో తినేసేంత మాత్రమే వేస్తాం. మిగిలింది ఊడ్చేస్తాం. ధర్మవరంలో మగ్గాలున్న ఇళ్ళవాళ్ళకు ఇది మరీ ముఖ్యం. పెరట్లో రాలిన గింజకు వచ్చిన ఎలుక పట్టు దారం దాకా వస్తుంది, ఎలుక వెనుక పాము వస్తుంది. పెనుకొండలో కొండ కింద కాపురముండేవారు బెల్లం, వేరుశనగ లాంటివి రాత్రిపూట బయట వదలకూడదు. మన ప్రాంతపు గుట్టల్లో ఎలుగుబంట్లు ఉన్నాయి, మడకశిర వైపు అవి ఊళ్ళలోకి రావడం మామూలే.

వేరుశనగ మాట వచ్చింది గనుక ఒక హెచ్చరిక. మన ఇళ్ళలో బూజుపట్టిన కాయలను "పిట్టలు తింటాయిలే" అని పారబోస్తుంటారు. ఆ బూజులో అఫ్లాటాక్సిన్ అనే విషం పుడుతుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీ కోళ్ళు చనిపోతే, బూజుపట్టిన వేరుశనగ పిండి మేతే కారణమని తేలింది. ఆ విషానికి పేరు పెట్టింది ఆ తర్వాతే. మనం తినలేని దాన్ని సదఖాగా ఇవ్వకూడదన్న సంగతి అల్ బఖరా సూరాలో చదువుతూనే ఉన్నాం. మిగిలిన బిర్యానీ కూడా ఉప్పూ మసాలాలతో పిట్టలకు పనికిరాదు.

అన్ని పక్షులూ మన గింజల కోసం రావు. హిందూపురానికి దగ్గరలో, చిలమత్తూరు మండలం వీరాపురానికి ఏటా రంగుల కొంగలు వచ్చి ఊరి మధ్య చెట్ల మీదే గూళ్ళు కడతాయి. అవి చేపలు తినేవి, వాటికి ఎవరూ గుప్పెడు నూకలు వేయలేరు. ఊరివాళ్ళు చెట్లు కొట్టరు, గూళ్ళ జోలికి పోరు, ఎవరినీ పోనివ్వరు. పిల్లలను పోగొట్టుకుని రెక్కలు కొట్టుకుంటున్న ఒక పక్షిని చూసి, వాటిని తిరిగి గూటికి చేర్చమని దైవప్రవక్త (సఅసం) తన సహచరులను ఆదేశించిన సంఘటన అబూ దావూద్ గ్రంథంలో ఉంది.

నిజానికి చలికాలంలో మన పొలాల్లో రాలిన గింజ కొంతైనా ఉంటుంది. వానలు తక్కువైన ఈ సీమలో ఫిబ్రవరి దాటాక కరువయ్యేది నీరే. గింజలు తగ్గించి నీళ్ళు పెట్టండి. ప్లాస్టిక్ గిన్నెను కోతి ఒక్క తోపుతో బోర్లిస్తుంది. మిక్సీ వచ్చాక మూల పడేసిన పాత రాతి రోలు మా ఇంట్లో ఇప్పుడు ఆ పనికే ఉంది. దోమలు పెరగకుండా రోజూ నీళ్ళు మార్చే పని పిల్లలది. మొన్న ఒక మధ్యాహ్నం దాని అంచున ఉడుత, గోరింక ఎదురెదురుగా తాగుతుంటే, పక్కింటావిడ గోడ మీదుగా మమ్మల్ని పిలిచి చూపించింది.