సొంత ట్యాక్సీ, మ్యాక్సీ క్యాబ్ నడుపుకునే వారికి: డిఫరెన్షియల్ కవర్ దగ్గర ఆయిల్ కారుతోందా?

సొంత ట్యాక్సీ, మ్యాక్సీ క్యాబ్ నడుపుకునే వారికి వైఎస్సార్ వాహన మిత్ర కింద 2023 వరకు ఏడాదికి ఇచ్చిన రూ.10,000 ఇన్సూరెన్స్, ఫిట్‌నెస్, రిపేర్ల వంటి ఖర్చుల కోసం. వెనక యాక్సిల్ మధ్యలో బోల్టులతో బిగించిన డిఫరెన్షియల్ కవర్ చుట్టూ తడి కనిపిస్తే ఆలస్యం చేయొద్దు. ఆయిల్ తగ్గితే క్రౌన్, పినియన్ అరిగిపోతాయి. అప్పుడు అంత మొత్తమూ ఆ ఒక్క రిపేరుకే పోవచ్చు. బండి ఆగినన్ని రోజులు కిరాయీ ఉండదు.

షెడ్డులో దగ్గరుండి ఇవి చూసుకోండి:

1. ముందు బ్రీదర్ చూడాలి. అది మట్టితో మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, కొత్త ప్యాకింగ్ వేసినా మళ్లీ లీకవుతుంది.

2. పాత ప్యాకింగ్ మొత్తం గీకి, జిడ్డు లేకుండా తుడవాలి. జిడ్డు మీద పేస్టు పట్టదు.

3. ప్యాకింగా, సీలెంట్ పేస్టా? బండి కంపెనీ చెప్పిందే వాడాలి. పేస్టయితే బోల్టు రంధ్రాలకు లోపలి వైపుగా, ఎక్కడా తెగకుండా సన్నగా పెట్టాలి. ఎక్కువైతే ఊడి ఆయిల్‌లో పడుతుంది.

4. బోల్టులు ఒకదాని తర్వాత దాని ఎదురుది బిగించాలి.

5. ట్యూబు మీద రాసినంత సేపు ఆరాకే, కంపెనీ చెప్పిన గ్రేడు ఆయిల్ లెవెల్ దాకా పోయించండి.

నాలుగైదు రోజులు నడిపాక కవర్ కింద చేత్తో తడిమి చూడండి. పొడిగా ఉంటే పని కుదిరినట్టే.