కళాశాలలో విద్యాసలహాదారు

మన ఉన్నత పాఠశాలలో పదవ తరగతి ముగించి వెడలిన బాలబాలికలలో అనేకులు రెండేండ్లు ఇంటర్మీడియెటు చదివి, పిమ్మట కళాశాలలలో ప్రవేశించుచున్నారు. ఎవరికి ఎచ్చట సీటు దొరకినదో ఊరందఱు చెప్పుకొందురు. మొదటి సంవత్సరము నడుమనే పెట్టె సర్దుకొని యింటికి వచ్చినవారిని గూర్చి మాత్రము ఎవ్వరును మాటలాడరు. మాటలాడినను "వానికి చదువబ్బలేదు" అనియో, "ఇంటి పరిస్థితులు బాగులేవు" అనియో ఒక్క మాటతో ముగింతురు. ఈ రెండు కారణములును కొన్నియెడల నిజములే. కాని కళాశాల మానినవారి సంగతిని శ్రద్ధతో పరిశీలించిన విద్వాంసులు మఱియొక కారణమునుగూడ కనుగొనిరి. ఆ విద్యార్థిని పేరుతో ఎఱిగి, వాని నడకను కనిపెట్టి చూచు పెద్ద యొక్కరును ఆ కళాశాలలో లేకపోవుటయే యది. ఈ లోటు తీర్చుటకై యేర్పడినవారే విద్యాసలహాదారులు.

విద్యాసలహాదారు పాఠము చెప్పు అధ్యాపకుడే కానక్కఱలేదు. ఏ సెమిస్టరులో ఏ విషయములు తీసికొనవలయును, దేనిలో ఉత్తీర్ణుడు కానిదే మఱి యేది చదువరాదు, పట్టమునకు మొత్తము ఎన్ని క్రెడిట్లు కావలయును, ఎన్నుకొన్న విషయము సరిపడనిచో ఏ తేదీలోపల మార్చుకొనవచ్చును, తప్పిన పరీక్షను మరల ఎప్పుడు వ్రాయవచ్చును, ఉపకారవేతనము ఆగినచో ఏ గదికి పోవలయును అనునట్టివి చెప్పుట ఆయన పని. పాఠశాలలో ఇట్టి యుద్యోగి యవసరము మనకు తోచదు. కాలపట్టిక గోడమీద నుండును. అది అందఱికి నొక్కటియే. ఉదయము హాజరు పిలుచునప్పుడే ఎవడు రాలేదో తరగతి ఉపాధ్యాయునికి తెలియును; సాయంకాలమునకు వాని యింటికి కబురు పోవును. కళాశాలలోనో, ఎంపిక హెచ్చును, కనిపెట్టు కన్ను తగ్గును. రెండును ఒకేసారి జరుగుటయే చిక్కు.

ఈ యేర్పాటు క్రొత్తది కాదు. అమెరికాలో ఒహాయో రాష్ట్రమునందలి కెన్యన్ కళాశాలవారు 1841లో ఒక నియమము పెట్టిరి. ప్రతి విద్యార్థియు అధ్యాపకులలో ఒకరిని తనకు సలహాదారుగను మిత్రునిగను ఎన్నుకొనవలయును. కళాశాలకును తనకును నడుమ జరుగు సంగతులు ఆయన ద్వారమున నడువవలయును. అప్పుడచ్చట చదువుచుండిన రథర్‌ఫర్డ్ హేస్ అను యువకుడు ఈ నియమము తనకు మిక్కిలి నచ్చినదని తల్లికి జాబు వ్రాసెను. (డబ్బు సంగతి గాక సలహాదారు సంగతి ఇంటికి వ్రాయు విద్యార్థులు ఏ కాలమునందును అరుదు!) ఆతడే తరువాత 1877 మొదలు 1881 వఱకు అమెరికా దేశాధ్యక్షుడుగా నుండెను. హార్వర్డు విశ్వవిద్యాలయమునకు 1869లో అధ్యక్షుడైన చార్లెస్ ఎలియట్ విద్యార్థులు తమ విషయములను తామే యెన్నుకొను పద్ధతిని విస్తరింపజేసెను. స్వేచ్ఛ వచ్చినది, దాని వెంట దారి తెలియనివారును బయలుదేరిరి. 1889లో అచ్చట మొదటి సంవత్సరపు విద్యార్థులకై సలహాదారుల మండలిని ఏర్పఱచిరి. ఇరువదవ శతాబ్దిలో కళాశాలలు పెరిగి, విద్యార్థులు లక్షలుగా చేరిన పిమ్మట, సలహాదారులు ఉండిరేగాని, ఒక్కొక్కరిమీద వందలకొలది విద్యార్థులు వచ్చి పడిరి. పేరు గొప్ప, ఊరు దిబ్బ అనినట్లాయెను.

ఈ పని నిజముగా జరిగినచో ఫలితమెట్లుండునో చక్కగా కొలిచి చూపినది న్యూయార్కు నగర విశ్వవిద్యాలయము. దాని క్రింద కమ్యూనిటీ కాలేజీలను పేర రెండేండ్ల కళాశాలలు కలవు. వానియందు చేరువారిలో పెక్కురు బీదలు, వలసవచ్చినవారి బిడ్డలు, ఒకపూట చదివి యొకపూట కొలువు చేయువారు, తమ యింట మొట్టమొదట కళాశాల మెట్టు ఎక్కినవారు. రెండేండ్ల చదువును మూడేండ్లకైన ముగించువారు నలుగురిలో ఒకరును లేకుండిరి. 2007లో ఆ విశ్వవిద్యాలయము "ఏసాప్" అను పథకమును ప్రారంభించి, చేరినవారిలో సగముమందియైన మూడేండ్లలో పట్టము పొందవలయునని గుఱి పెట్టుకొనెను.

పథకములోని విద్యార్థి పూర్తికాలము చదువవలయును. అందుకు బదులుగా, తక్కిన సహాయములు పోగా మిగిలిన ఫీజును మాఫీ చేయుదురు, పాఠ్యపుస్తకములను చూచుకొందురు, బస్సులకును భూగర్భ రైళ్లకును చెల్లు ప్రయాణపు కార్డును నెలనెల నిత్తురు. మొదటి యేట కొన్ని తరగతులలో పథకపు విద్యార్థులను ఒక్కచోట చేర్చుదురు. కావున వారికి ఎఱిగిన ముఖములు నాలుగైన నుండును. వెనుకబడినవారికి ట్యూషను తప్పనిసరి. అన్నిటికంటె ముఖ్యముగా, ఒక్కొక్కరికి ఒక సలహాదారు ఉండును. అచ్చటి కళాశాలలలో మామూలుగా ఒక సలహాదారునకు 600 మొదలు 1500 వఱకు విద్యార్థులుండగా, ఈ పథకమును పరీక్షించిన కాలమున దానిలోని సలహాదారునకు 60 మొదలు 80 మంది మాత్రమే యుండిరి.

ప్రయాణపు కార్డు సంగతి కొంచెము నిలిచి చూడదగినది. పథకపు నియమములను పాటించువారికే ఆ కార్డు. సలహాదారును తప్పించుకొని తిరుగువానికి అది రాదు. ఎంత తెలివైన యేర్పాటు! సలహా కావలెనని వచ్చు విద్యార్థులు కొందఱే. రైలు కార్డు కావలెనని వచ్చువారు అందఱు. కార్డుకై వచ్చినవాడు ఎట్లయినను కుర్చీలో కూర్చుండును. అట్లు కూర్చుండిన యొక విద్యార్థిని "గణితపు తరగతి ఎట్లున్నది?" అని సలహాదారు అడిగెననుకొందము. రెండు వారములుగా పోవుటలేదని బయటపడును. ఏల? కొలువు వేళ మారినది. అయినచో వేఱొక వేళ జరుగు తరగతికి మారవచ్చునా, లేక యజమానితో మాటలాడవలయునా అని యిద్దఱు ఆలోచింతురు. రెండు వారములకే తెలిసినది గనుక ఆలోచించుటకు చోటున్నది. పరీక్ష ముందునాడు తెలిసినచో ఓదార్పు తప్ప మఱేమి మిగులును?

ఈ పథకమును ఎం.డి.ఆర్.సి. అను పరిశోధన సంస్థవారు 2010 నుండి మూడు కళాశాలలలో పరీక్షించిరి. స్వల్పాదాయపు కుటుంబములవారై, భాషలోనో గణితములోనో వెనుకబడియున్న 896 మంది విద్యార్థులను చీట్లు వేసినట్లుగా రెండు భాగములు చేసి, ఒక భాగమునకు మాత్రమే పథకమును వర్తింపజేసిరి. ఇట్లు విభజించుటచే చుఱుకైనవారందఱు ఒకవైపే చేరిరను అనుమానమునకు తావుండదు. మూడేండ్లు గడచునప్పటికి పథకములోనివారిలో నూటికి 40 మంది పట్టము పొందిరి. రెండవ భాగములో 22 మంది. మొదటి యేట పథకపు విద్యార్థి సలహాదారును సగటున 38 సారులు కలిసికొనగా, రెండవ భాగపు విద్యార్థి 6 సారులు మాత్రమే కలిసికొనెను. ఒక్కొక్క విద్యార్థికైన ఖర్చు నూటికి 60 వంతులు హెచ్చినది. అయినను పట్టము పొందినవారు ఎక్కువగుటచే ఒక్కొక్క పట్టమునకు పడిన ఖర్చు తగ్గినది. పిమ్మట ఒహాయోలోని మూడు కళాశాలలలో ఇదే పద్ధతిని నడుపగా, మూడేండ్లలో ముగించినవారు నూటికి 35 మంది, పథకము లేనివారిలో 19 మంది యని తేలినది. ఈ కీర్తినంతయు సలహాదారునికే కట్టబెట్టుట న్యాయము కాదు. ఫీజును, పుస్తకములును, కార్డును కలిసి పనిచేసినవి. ఏది యెంత చేసినదో ఈ పరీక్ష విడదీసి చెప్పలేదు. అయినను తక్కినవానిని ఒక్క మాలగా గ్రుచ్చిన దారము సలహాదారే యని నా యభిప్రాయము.

"అడుగనిదే అమ్మయైనను పెట్టదు" అని మన సామెత. కళాశాలలు పెక్కు ఈ సామెతమీదనే నడచుచున్నవి. కార్యాలయము తెఱచియున్నది, కావలసినవాడు వచ్చి యడుగవలయును! కాని అడుగుటకు ముందు తనకేమి తెలియదో తెలియవలయును గదా. అన్నయో అక్కయో కళాశాలలో చదివినయెడల ఇంటనే ఆ సంగతులు చెవిని పడుచుండును. ఇంట మొదటివాడుగా చదువబోవు వానికి సెమిస్టరు, బ్యాక్‌లాగు, క్రెడిటు అను మాటలే క్రొత్తవి. అడిగినచో తన తెలియమి బయటపడునని సిగ్గు. కాబట్టి ఎక్కువ అవసరమున్నవాడే తక్కువ అడుగును. ఏసాప్ పథకము ఈ సామెతను త్రిప్పివేసి, అడుగకమునుపే పిలిచినది.

ఈ సిగ్గునకు మూలము "ఇది నావంటివారి చోటు కాదు" అను తలంపు. గ్రెగొరీ వాల్టన్, జెఫ్రీ కోహెన్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞులు 2011లో ఈ విషయమున ఒక పరిశోధనను ప్రకటించిరి. మొదటి సంవత్సరపు విద్యార్థులచే, తమకంటె పై తరగతులవారి అనుభవములను చదివించిరి. తొలుత మాకును ఇచ్చట ఒంటరితనమే, దినములు గడచినకొలది సర్దుకొన్నది అనునదే వాని సారాంశము. పిమ్మట తమ మాటలలో దానిని గూర్చి వ్రాయుమనిరి. మొత్తము సుమారు ఒక గంట పని. తరువాతి మూడేండ్లలో ఆఫ్రికన్ అమెరికను విద్యార్థుల మార్కులు పెరిగి, తెల్లవారికిని వారికిని గల యంతరము సగమునకు తగ్గినది. అయితే 2023లో 22 విద్యాసంస్థలలో 26,911 మందితో ఇట్టి పరిశోధనను పెద్దయెత్తున జరుపగా, ఇంకొక సంగతి తెలిసినది. ఆ తరగతి విద్యార్థులు నిజముగా కలిసిపోవుటకు అవకాశమున్న కళాశాలలలోనే ఈ పాఠము ఫలించినది. అట్టి యవకాశము లేనిచోట ఫలింపలేదు. ఆశచూపు మాటకు వెనుక నిజమైన చోటుండవలయునన్నమాట.

మన తెలుగునాట సంగతి చూతము. తెలుగు మాధ్యమములో చదివిన బాలిక మొదటి దినమున ఆంగ్ల పాఠము విని, అందఱికి అర్థమైనది, నాకే కాలేదు అనుకొనును. ప్రక్కన కూర్చున్నవారు నలుగురును అట్లే యనుకొనుచుందురని ఆమెకు తెలియదు. హాస్టలులో "ర్యాంకెంత? ఏ కోటాలో వచ్చితివి?" అని యడుగు ప్రశ్న అడిగినవానికి చిన్నది, అడుగబడినవాడు దానిని ఏండ్లతరబడి మఱువడు. 2019లో యు.జి.సి. వారు "దీక్షారంభ్" అను మార్గదర్శకమును ప్రకటించి, క్రొత్త విద్యార్థులకు పరిచయ కార్యక్రమము జరుపవలయుననియు, వారిని చిన్న గుంపులుగా చేసి అధ్యాపకులకు అప్పగింపవలయుననియు సూచించిరి. ఇట్టి అధ్యాపకుని మన కళాశాలలలో "మెంటరు" అందురు. పద్ధతి మంచిది. అయితే మెంటరు పుస్తకములో సంతకములు నిండినంతమాత్రమున మాట జరిగినట్లు కాదు. పాఠములును పరీక్షలును మోయు అధ్యాపకునకు ఈ పనికి వేఱే వేళ యీయవలయును. ఆ వేళ కాలపట్టికలో నెక్కవలయును.

తల్లిదండ్రులకు ఒక మనవి. సెలవులకు వచ్చిన మన పూర్వవిద్యార్థులను "చదువెట్లున్నది?" అని నేనడిగినప్పుడెల్ల "బాగానే యున్నదండి" అందురు. అంతటితో తలుపు మూతపడును. "తరగతిలో ఎవరి ప్రక్కన కూర్చుందువు? భోజనమునకు ఎవరితో పోదువు? మీ మెంటరుగారి పేరేమి?" అని యడిగి చూడుడు. మూడు ప్రశ్నలకును జవాబు రానిచో, మార్కుల కాగితము వచ్చువఱకు ఆగక కళాశాలకు ఒకసారి పోయి రండు. మీరు చదువుకొనకపోయినను పోవచ్చును. బిడ్డ పేరు, రోలు నంబరు చెప్పిన చాలును.

ఈ యేడు పదవ తరగతి ముగించు బాలబాలికలారా, కళాశాలలో చేరిన మొదటి నెలలోనే మెంటరుగారి గది యెచ్చటనో చూచి రండు. హాజరు నూటికి 75 వంతులకు తగ్గినచో పరీక్షకును ఉపకారవేతనమునకును చిక్కు వచ్చునని యెఱుగుడు. విషయము మార్చుకొను చివరి తేదీని వ్రాసి యుంచుకొనుడు. అడుగదలచిన ప్రశ్నను కాగితముమీద వ్రాసికొని పోయినచో నోరు తడబడదు.

మన కార్యాలయములో ఈ సంవత్సరము ఒక పుస్తకము తెఱచితిమి. ఏ కళాశాలలో మన పాఠశాలవారు ఎవరెవరు చదువుచున్నారో అందులో నుండును. క్రొత్తగా పోవువారిని వారికి ఒక చిన్న జాబుతో అప్పగింతుము. పూర్వవిద్యార్థులు తమ పేరు, కళాశాల, చదువుచున్న విషయములు, ఫోను సంఖ్య వ్రాసి జూన్ మొదటి వారములోపల పంపగోరుచున్నాము. హాస్టలులో నుండువారు గది సంఖ్యనుగూడ వ్రాయవలయును.