మణికట్టు నుంచి యాంజియోగ్రామ్: రక్తనాళం బిగుసుకోకుండా కుటుంబం చేయగల సాయం

"రేపు ఉదయం యాంజియోగ్రామ్. చేతి మణికట్టు నుంచే చేస్తాం" అని డాక్టరు గారు చెప్పి వెళ్లాక వరండాలో మీరు అడిగే మొదటి ప్రశ్న, "చేతి నుంచి గుండె దాకా గొట్టం ఎలా వెళుతుంది?" అని. రెండోది, "మధ్యలో ఇరుక్కుంటే ఎలా?" అని. ఈ రెండో ప్రశ్న సరైనదే. అలా జరగకుండా చూడటంలో డాక్టర్ల పని ఎక్కువ. అయితే మీ పని కూడా కొంత ఉంది.

ఈ దారి ఎందుకు?

మణికట్టు మీద బొటనవేలి వైపు, నాడి చూసే చోట ఉండే రక్తనాళాన్ని రేడియల్ ధమని అంటారు. అది చర్మం కిందనే, ఎముకను ఆనుకుని ఉంటుంది. కాబట్టి పరీక్ష అయ్యాక నొక్కిపట్టి రక్తం ఆపడం తేలిక. గజ్జ నుంచి చేస్తే కొన్ని గంటలు కాలు కదపకుండా పడుకోవాలి. రక్తస్రావం ప్రమాదం కూడా ఎక్కువ. 1989లో కెనడాలోని మాంట్రియల్ నగరంలో డాక్టర్ లూసియన్ కాంపో మణికట్టు నుంచి చేసిన గుండె పరీక్షల వివరాలు ప్రకటించారు. 1992లో ఆమ్‌స్టర్‌డామ్‌లో డాక్టర్ ఫెర్డినాండ్ కీమెనై ఇదే దారిలో యాంజియోప్లాస్టీ మొదలుపెట్టారు. నేడు మన దేశంలోనూ ఇది మామూలు పద్ధతి.

రక్తనాళం ఎందుకు బిగుసుకుంటుంది?

ఈ ధమని వెడల్పు సుమారు 2 నుంచి 3 మిల్లీమీటర్లే. అందులో అమర్చే గొట్టం కూడా దాదాపు అంతే లావు ఉంటుంది. పైగా ఈ ధమని గోడలో కండరం మందంగా ఉంటుంది. భయం, నొప్పి కలిగినప్పుడు శరీరంలో అడ్రినలిన్ పెరుగుతుంది. దానికి ఈ కండరం వెంటనే ముడుచుకుంటుంది. చలికి కూడా అంతే. రాత్రి నిద్రలో పిక్క పట్టేస్తుంది కదా, అలాంటిదే ఇదీ. దీన్నే స్పాజం అంటారు. అప్పుడు చేయి లోపల లాగుతున్నట్టు నొప్పి వస్తుంది. గొట్టం ముందుకూ కదలదు, వెనక్కూ రాదు. ఆ నొప్పితో భయం పెరుగుతుంది, భయంతో నాళం మరింత బిగుస్తుంది.

ఇది అందరికీ రాదు. సన్నని మణికట్టు ఉన్నవారిలో, స్త్రీలలో, వయసు తక్కువ ఉన్నవారిలో, ఒకటికి రెండుసార్లు సూది గుచ్చవలసి వచ్చినప్పుడు ఎక్కువగా వస్తుంది.

డాక్టర్లు ఏం చేస్తారు?

ముందుగా సూది గుచ్చే చోటు మొద్దుబారేలా ఇంజక్షన్ ఇస్తారు. అవసరమైతే ఆందోళన తగ్గి కాస్త మగతగా ఉండే మందు ఇస్తారు. వీలైనంత సన్నని, నునుపైన పూత ఉన్న గొట్టం వాడతారు. నాళం వదులయ్యేలా నైట్రోగ్లిజరిన్, వెరపామిల్ వంటి మందులు ఆ గొట్టం గుండానే ఇస్తారు. రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ ఇస్తారు.

మగత మందు విలువను గ్రీసు వైద్యులు 2013లో ప్రచురించిన ఒక అధ్యయనం చూపింది. సుమారు 2000 మందిని పరిశీలిస్తే, మందు ఇవ్వనివారిలో వందకు 8 మందికి స్పాజం వచ్చింది. ఇచ్చినవారిలో వందకు 3 మందికి లోపే వచ్చింది. నొప్పి, ఆందోళన తగ్గితే నాళం బిగుసుకోవడమూ తగ్గుతుందన్నమాట. మీరు చేయగల సాయం ఇక్కడే ఉంది.

మీరు చేయవలసినవి

1. భయపెట్టే మాటలు వద్దు. "పక్క మంచం ఆయనకు అలా అయిందట" అన్న కబుర్లు రోగి చెవిన పడనీయకండి. అలాగని "ఏమీ తెలియదు, క్షణంలో అయిపోతుంది" అని అబద్ధమూ చెప్పవద్దు. "సూది గుచ్చినప్పుడు చురుక్కుమంటుంది. చేయి లాగినట్టుంటే వెంటనే డాక్టరు గారికి చెప్పు నాన్నా, ఓర్చుకోవద్దు" అని చెప్పండి. మన పెద్దలు నొప్పి ఓర్చుకోవడమే మంచిదనుకుంటారు. ఇక్కడ అది మేలు చేయదు. ముందే చెబితే ముందే మందు ఇవ్వగలరు.

2. పొగ తాగనివ్వకండి. బీడీ, సిగరెట్, చుట్ట, ఖైనీ, గుట్కా అన్నిట్లో ఉండే నికోటిన్ రక్తనాళాన్ని ముడిచేస్తుంది. "ఆఖరిసారి ఒక్కటి" అని అడిగినా తెచ్చి ఇవ్వకండి.

3. వెచ్చగా ఉంచండి. క్యాథ్ ల్యాబ్‌లో ఏసీ చల్లగా ఉంటుంది. పిలిచే వరకు దుప్పటి కప్పండి. చేతులు చల్లబడితే సిస్టర్‌కు చెప్పండి. మీరుగా వేడినీళ్ల సంచితో కాపడం పెట్టకండి. షుగరు ఉన్నవారికి వేడి తెలియక చర్మం కాలుతుంది.

4. గాజులు, ఉంగరాలు, కడియం, తాయెత్తు ముందే తీసి ఇంటివారి దగ్గర పెట్టుకోండి. గాజులు తీయడానికి కొందరు తల్లులకు మనసొప్పదు. రెండో చేతివి ఉంచుకోవచ్చేమో సిస్టర్‌ను అడగండి. గోళ్ల రంగు, గోరింటాకు ఉంటే వేళ్ల రంగు మార్పు కనిపించదు. కాబట్టి ముందురోజు పెట్టుకోవద్దు.

5. మందుల విషయం దాచవద్దు. మెట్‌ఫార్మిన్, రక్తం పలచబరిచే మాత్రలు, మందుల ఎలర్జీలు, కిడ్నీ జబ్బు అన్నీ చెప్పండి. డయాలసిస్ కోసం చేతికి ఫిస్టులా ఉన్నా, పెట్టబోతున్నా తప్పక చెప్పండి. మగవారు సిల్డెనాఫిల్ వంటి మాత్రలు వేసుకుని ఉంటే, నైట్రోగ్లిజరిన్‌తో కలిసి బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. ఈ మాట మీ ఎదుట చెప్పడానికి సిగ్గుపడవచ్చు. రోగి డాక్టరు గారితో ఒంటరిగా మాట్లాడేందుకు వీలు కల్పించండి.

6. ఎప్పటినుంచి తిండి మానాలో, నీళ్లు ఎంతవరకు తాగవచ్చో ముందే అడిగి తెలుసుకోండి.

అయినా బిగుసుకుంటే?

కంగారుపడకండి. గొట్టాన్ని బలంగా లాగరు. కాసేపు ఆగి, మళ్లీ మందు ఇచ్చి, చేతిని వెచ్చబరుస్తారు. చాలామందికి నాళం వదులవుతుంది. కాకపోతే రెండో చేతి నుంచో, గజ్జ నుంచో చేస్తారు. డాక్టరు గారు బయటకు వచ్చి ఆ మాట చెబితే పరీక్ష చెడిపోయిందని అనుకోకండి. సంతకం పెట్టేటప్పుడే, అవసరమైతే దారి మార్చవచ్చా అన్న సంగతి అడిగి ఉంటే అప్పుడు తడబాటు ఉండదు.

పరీక్ష తరువాత

మణికట్టుకు గట్టిగా పట్టీ వేస్తారు. దాన్ని మీరు వదులు చేయకండి. వేళ్లు నీలంగా మారినా, చల్లబడినా, తిమ్మిరెక్కినా, ముంజేయి వాస్తున్నా వెంటనే సిస్టర్‌ను పిలవండి. ఇంటికి వెళ్లాక రక్తం కారితే ఆ చోటును వేలితో గట్టిగా నొక్కిపట్టి, వదలకుండా ఆస్పత్రికి తీసుకురండి. కొద్దిరోజులు ఆ చేత్తో బిందె ఎత్తడం, బట్టలు పిండడం, బండి నడపడం వద్దు. మళ్లీ ఎప్పటినుంచి చేయవచ్చో డాక్టరు గారే చెబుతారు.

రోగిని లోపలికి తీసుకెళ్లేటప్పుడు ఒక్క నిమిషం చేయి పట్టుకుని పక్కన నిలబడండి. కోరితే చాప్లిన్ గారు వచ్చి ప్రార్థన చేస్తారు. మీరు ఏ మతం వారైనా అడగవచ్చు. దేవుని కాపుదల మీ ఇంటివారికి తోడుగా ఉండును గాక.