తాపీ పని నుంచి పసుపు చొక్కా దాకా

సైకిల్ పందెం అంటే మన ఊళ్లలో తిరునాళ్లకు వచ్చి, రోజుల తరబడి కాలు కింద పెట్టకుండా తొక్కే ఆటే గుర్తొస్తుంది. ఐరోపాలో అది నూరేళ్ల క్రితమే జీతమిచ్చే ఉద్యోగం. ఆ ఉద్యోగంలో పేరు తెచ్చుకున్న ఒక ఇటలీవాడి గురించి మన హాస్టల్ మిత్రులకు చెప్పాలని మాకు అనిపించింది. కారణం ఒక్కటే. ఆయన తాపీ పనివాడు. మనలో ఎంతమంది ఇళ్లలో తాపీ, పార ఉన్నాయో లెక్క వేసుకోండి.

పేరు ఒత్తావియో బొత్తెక్కియా. 1894 ఆగస్టు 1న ఈశాన్య ఇటలీలో పుట్టాడు. తొమ్మిది మంది పిల్లల్లో ఎనిమిదోవాడు. బడికి వెళ్లింది ఏడాదే. తర్వాత కూలి, బండి తోలడం, గోడలు కట్టడం. మొదటి ప్రపంచ యుద్ధంలో సైకిల్ దళంలో పనిచేసి కాంస్య పతకం పొందాడు. పందేల్లోకి దిగేనాటికి పాతికేళ్లు దాటాయి. చదవడం కూడా పెద్దయ్యాకే నేర్చుకున్నాడు. నేర్పింది తోటి పందెగాడు పిచ్చిన్, వాచకం క్రీడల పత్రిక! తన గురించి ఏం రాశారో తానే చదువుకోవాలనే ఆశ ఎంతటిదో మనకు వేరే చెప్పాలా?

1923లో ఆటోమోతో అనే ఫ్రెంచి సైకిల్ కంపెనీ ఆయన్ని టూర్ డి ఫ్రాన్స్‌కు తీసుకుంది. ఇటలీలో సైకిళ్లు అమ్ముకోవాలంటే ఇటలీవాడొకడు కావాలి, అదీ వాళ్ల లెక్క. ఆయన ఏకంగా రెండో స్థానంలో నిలిచాడు. గెలిచిన పెలిసియే, తన తర్వాత గెలిచేది ఇతడేనన్నాడు.

అప్పటి పందెం ఎలాంటిదో కొంచెం చూద్దాం. 1924లో మొత్తం దూరం 5,425 కి.మీ., 15 విడతలు. ఒక విడత 482 కి.మీ. అంటే బెజవాడలో బయలుదేరి, హైదరాబాద్ చేరి, తిరిగి జగ్గయ్యపేట దాటి వచ్చినంత. తారు రోడ్లు తక్కువ, దుమ్ము ఎక్కువ. గేర్లు మార్చే మీట ఉండేది కాదు. కొండ వస్తే దిగి, వెనక చక్రం ఊడదీసి, తిప్పి బిగించుకోవాలి. ఆ మీటను టూర్‌లో అనుమతించింది 1937లోనే. పంక్చరైతే ఎవరిది వారే వేసుకోవాలి. మన సైకిల్ షాపు కుర్రాడైతే ఈ పనిలో వాళ్లకు తీసిపోడు.

అందరికన్నా ముందున్నవాడికి పసుపు చొక్కా ఇస్తారు. పందెం నడిపిన పత్రిక పసుపు కాగితం మీద అచ్చయ్యేది, అందుకని ఆ రంగు. 1924లో బొత్తెక్కియా తొలి విడతలోనే ఆధిక్యం సంపాదించి చివరిదాకా వదల్లేదు. పసుపు చొక్కాతో అలా చేసిన మొదటివాడు ఆయనే. పిరెనీస్ కొండల్లో వరుసగా రెండు విడతలు గెలిచాడు. చివరికి రెండోవాడికన్నా 35 నిమిషాల 36 సెకన్లు ముందు. టూర్ గెలిచిన తొలి ఇటలీవాడయ్యాడు. 1925లో మళ్లీ గెలిచాడు. ఈసారి బెల్జియంవాడైన సహచరుడు బ్యుయిస్ ఆయనకు ఎంతో తోడ్పడ్డాడు. 1926లో అదే కొండల్లో గాలివాన మధ్య పందెం విడిచిపెట్టాడు. ఆ ఏడు గెలిచింది బ్యుయిస్.

1927 మేలో ఆయన తమ్ముణ్ణి రోడ్డు మీద కారు గుద్ది చంపింది. జూన్ 3న సాధనకు వెళ్లిన బొత్తెక్కియా పెయోనిస్ అనే పల్లె దగ్గర దారి పక్కన తల పగిలి పడి ఉన్నాడు. సైకిల్‌కు పెద్దగా దెబ్బ తగల్లేదు. జూన్ 15న ఆసుపత్రిలో చనిపోయాడు. అప్పటికి 32 ఏళ్లు.

ప్రమాదమని అధికారులు తేల్చేశారు. ముసోలినీ మనుషులు చంపారని కొందరన్నారు. చాలా ఏళ్ల తర్వాత, తోటలో ద్రాక్షపళ్లు కోసుకున్నాడని ఒక రైతు రాయితో కొట్టాడనే కథ కూడా పుట్టింది. కానీ ఆ ప్రాంతంలో జూన్ మొదట్లో ద్రాక్ష ఇంకా పచ్చి పిందెలే. ఎండాకాలం వడదెబ్బతో పడిపోయి ఉండొచ్చన్న మాటే మాకు కొంత నమ్మదగినదిగా తోస్తోంది. అయితే దానికీ సాక్ష్యం లేదు. ఆయన పేరుతో ఇటలీలో సైకిళ్లు మాత్రం ఇప్పటికీ తయారవుతున్నాయి.