పేగు జబ్బుకి మిర్చి బజ్జీని తిట్టకండి

సందేహం: మాది వరంగల్. ఇప్పుడు న్యూజిలాండ్‌లోని శాండ్రింగ్‌హామ్‌లో ఉంటున్నాం. 22 ఏళ్ల మా అబ్బాయికి క్రోన్స్ వ్యాధి అన్నారు. మా ఇంటావంటా లేని జబ్బు ఇది. శాండ్రింగ్‌హామ్ రోడ్డు మీద చాట్, బజ్జీలు తినడం వల్లే వచ్చిందా? - ఒక తల్లి

సమాధానం: అమ్మా, బజ్జీ మీద నేరం మోపకండి. కారం క్రోన్స్‌ని తెచ్చిపెట్టదు. జబ్బు ముదిరినప్పుడు బాధ పెంచవచ్చు, ఆ రోజుల్లో మానితే చాలు. పేగు లోపలి పొరలో కణాలు ఒకే ఒక్క వరుసలో ఉంటాయి. ఇవతల కోటానుకోట్ల బ్యాక్టీరియా, అవతల మన రోగనిరోధక కణాలు. ఆ వరుస బలహీనపడితే రోగనిరోధక కణాలు మామూలు బ్యాక్టీరియా మీద కూడా విరుచుకుపడి సొంత పేగునే పుండు చేస్తాయి. ఈ జబ్బుతో ముడిపడ్డ నాడ్2 అనే జన్యువును 2001లో గుర్తించారు. పాశ్చాత్య రోగుల్లో కనిపించే ఆ జన్యు మార్పులు భారతీయుల్లో అరుదు. అయినా మనకూ ఈ జబ్బు వస్తోంది.

ఊరి పాత్ర లేదనీ అనలేం. 2004లో న్యూజిలాండ్‌లోని కాంటర్‌బరీ ప్రాంతంలో లక్షమందికి 16.5 కొత్త క్రోన్స్ కేసులు తేలాయి. ప్రపంచంలోనే అత్యధిక రేట్లలో అదొకటి. అలాగని వరంగల్‌లోనే ఉండిపోతే వచ్చేది కాదనడానికీ లేదు. హైదరాబాద్ ఏఐజీ ఆసుపత్రి వైద్యులు 2023లో ప్రచురించిన అధ్యయనంలో, కడుపు బాధలతో వచ్చిన తెలంగాణ పల్లెవాసుల్లోనూ పట్నవాసుల్లోనూ ఈ కోవ పేగువాపు జబ్బులు దాదాపు సమానంగా కనిపించాయి. అన్నట్టు, పేగు జబ్బులు మనకు కొత్తవీ కావు. భీమవరంలో పుట్టిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు తోడబుట్టినవారిని స్ప్రూ వ్యాధి పొట్టన పెట్టుకుంది. ఆ జబ్బుకి మందుగా పనికొచ్చిన ఫోలిక్ ఆమ్లాన్ని అమెరికాలో ఆయన బృందమే 1945లో కృత్రిమంగా తయారుచేసింది.

మీ అబ్బాయికి సిగరెట్ అలవాటుంటే మాత్రం వెంటనే మాన్పించండి. క్రోన్స్‌ని అది ముదరబెడుతుంది.

సందేహం: పేగు పొర నాలుగైదు రోజులకే కొత్తదవుతుందని చదివాను. మరి పుండు ఎందుకు మానదు? - ఒక విద్యార్థి

సమాధానం: చదివింది నిజమే. పొరలోని చిన్న గుంతల అడుగున మూలకణాలుంటాయి. వాటిని గుర్తుపట్టే ఆనవాలును 2007లో నెదర్లాండ్స్‌లో హాన్స్ క్లెవర్స్ బృందం కనిపెట్టింది. 2009లో అదే ప్రయోగశాలలో తోషిరో సాతో ఒక్క మూలకణం నుంచి బుల్లి పేగును పెంచాడు. లోతైన పుండులో ఆ గుంతలే నాశనమైపోతాయి, పైగా వాపు తగ్గదు. ఇక కొత్త కణాలు ఎక్కడ్నుంచి పుడతాయి? 2022లో టోక్యో వైద్యులు క్రోన్స్ కోవకే చెందిన అల్సరేటివ్ కోలైటిస్ రోగి కణాలతోనే అలాంటి బుల్లి పేగును పెంచి, ఆ రోగి పేగులోనే నాటారు. అది ఇంకా ప్రయోగమే. స్టెమ్ సెల్ చికిత్స పేరు చెప్పి డబ్బడిగేవాళ్ళకి దూరంగా ఉండండి.

సందేహం: ఇండియా నుంచి తెచ్చుకున్న గ్యాస్ మాత్రలు ఏళ్లుగా వేసుకుంటున్నాను. పరవాలేదా?

సమాధానం: ముందు హెలికోబాక్టర్ పరీక్ష చేయించుకోండి. కడుపు పుళ్ళకి ఈ బ్యాక్టీరియా కారణమని నిరూపించడానికి 1984లో పెర్త్‌లో బారీ మార్షల్ స్వయంగా దాన్ని తాగేశాడు. 2005లో రాబిన్ వారెన్‌తో కలిసి నోబెల్ అందుకున్నాడు. ఒమెప్రజోల్ లాంటివి రెండు వారాలు ఆపకపోతే పరీక్ష తప్పుగా రావచ్చు. మీ కుటుంబ వైద్యుణ్ని (జీపీని) అడిగి ఆపండి. మలం నల్లగా వచ్చినా, రక్తం పడినా, బరువు తగ్గుతున్నా ఆగకుండా చూపించుకోండి. పేగు క్యాన్సర్ పరీక్ష కిట్ పోస్టులో ఇంటికొస్తే, సిగ్గుపడి అలమరాలో దాచకుండా తిరిగి పంపండి.