ఊకొట్టే పాపాయి, ఎదిగే మెదడు

పాపాయి ‘ఉంగా’ అంటుంది. ‘ఏంటమ్మా, ఆకలేస్తోందా?’ అని అమ్మ అడుగుతుంది. పాపాయి కాళ్లాడిస్తూ మళ్లీ ‘ఉంగా’ అంటుంది. లాల పోసేటప్పుడు, గోరుముద్దలు తినిపించేటప్పుడు రోజూ వినిపించే ముచ్చట ఇది. కాలక్షేపంలా కనిపించే ఈ మాటలకూ మెదడు ఎదుగుదలకూ సంబంధం ఉందా?

పుట్టినప్పుడు శిశువు మెదడు బరువు పెద్దవారి మెదడులో దాదాపు నాలుగో వంతు. అయిదేళ్లు వచ్చేసరికి అది సుమారు 90 శాతానికి చేరుకుంటుంది. నాడీకణాల్లో ఎక్కువ భాగం పుట్టుకకు ముందే తయారవుతాయి. ఆ తర్వాత ప్రధానంగా పెరిగేవి వాటి మధ్య ఉండే అనుసంధానాలు. వీటినే సినాప్సులు అంటారు. తొలి ఏళ్లలో ఇవి అవసరానికి మించి ఏర్పడతాయి. తరచూ వాడుకలో ఉన్నవి బలపడతాయి, వాడనివి క్రమంగా తొలగిపోతాయి. పొలంలో నలుగురూ నడిచిన చోటే కాలిబాట పడినట్టు అన్నమాట.

పిల్లలు ఈ స్పందన కోసం ఎంతగా ఎదురుచూస్తారో 1970లలో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ ట్రానిక్ ప్రయోగం చూపింది. బిడ్డతో ఆడుతున్న తల్లి కాసేపు ఏ భావమూ లేని ముఖంతో ఉండిపోవాలి. నెలల వయసు పిల్లలు నవ్వి, చేతులు చాచి ఆమెను మళ్లీ పలకరించాలని చూశారు. ఫలితం లేకపోయేసరికి ముఖం తిప్పుకున్నారు, కలవరపడ్డారు.

మరి మెదడులో ఏం జరుగుతోంది? అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ పరిశోధకులు 4 నుంచి 6 ఏళ్ల పిల్లలు 36 మంది ఇళ్లలో సంభాషణలను రికార్డు చేశారు. పిల్లలు కథలు వింటుండగా వారి మెదడును స్కాన్ చేశారు. 2018లో వెలువడిన ఫలితాల ప్రకారం, పెద్దలతో మాటకు మాట ఎక్కువగా సాగే పిల్లల్లో భాషకు కీలకమైన బ్రోకా ప్రాంతం మరింత చురుగ్గా స్పందించింది. కుటుంబ ఆదాయాన్నీ, పెద్దలు పలికిన మొత్తం మాటల సంఖ్యనూ లెక్కలోకి తీసుకున్నా ఈ సంబంధం నిలిచింది. అంటే మనం ఎంత మాట్లాడామన్నదే కాదు, బిడ్డకు వంతు ఇచ్చామా అన్నదీ ముఖ్యమే.

అయితే ఈ అధ్యయనం సంబంధాన్ని చూపింది కానీ, మాటలే కారణమని నిరూపించలేదు. అంతకంటే బలమైన ఆధారం జమైకా నుంచి వచ్చింది. అక్కడ 1980లలో, వయసుకు తగ్గ ఎత్తు ఎదగని 129 మంది చిన్నారులను యాదృచ్ఛికంగా బృందాలుగా విభజించారు. కొన్ని బృందాల ఇళ్లకు ఆరోగ్య కార్యకర్తలు రెండేళ్లపాటు వారానికి ఒక గంట వెళ్లి, బిడ్డతో ఎలా ఆడాలో, ఎలా మాట్లాడాలో తల్లులకు చూపించారు. బొమ్మలు ఇంట్లో దొరికే వస్తువులతో చేసినవే. రెండు దశాబ్దాల తర్వాత ఆ పిల్లల సంపాదన, ఈ తోడ్పాటు అందనివారి కంటే 25 శాతం ఎక్కువగా ఉంది.

ఇది మనకు దూరపు సంగతి కాదు. ఎత్తు ఎదగని పిల్లలు మన దేశంలోనూ కోట్లలో ఉన్నారు. జమైకా పద్ధతిని ఒడిశా గ్రామాల్లో పరీక్షించినప్పుడు, తల్లులను చిన్న బృందాలుగా కూర్చోబెట్టి నేర్పడం కూడా ఇంటింటికీ వెళ్లి నేర్పినంత మేలు చేసింది. ఖర్చు మాత్రం తగ్గింది. మూడేళ్ల లోపు పిల్లల కోసం కేంద్రం 2024లో ‘నవచేతన’ పేరుతో మార్గదర్శకాలు తెచ్చింది. అంగన్‌వాడీలో గుడ్డు, పాలు ఎంత అవసరమో, ఆటపాటలూ అంతే అవసరం.

ఇంట్లో చేయాల్సింది కష్టమైనదేమీ కాదు. బిడ్డ చూసే వస్తువు పేరు చెప్పండి. ఒక ప్రశ్న అడిగి, జవాబు కోసం కాస్త ఆగండి. అన్నం తినిపించేటప్పుడు ఫోన్ పక్కన పెట్టండి. వీడియో ఎన్ని మాటలు చెప్పినా బిడ్డ ‘ఉంగా’ను వినదు. అమ్మే చేయాలని లేదు, నాన్న, అమ్మమ్మ, తాతయ్య ఎవరైనా చేయవచ్చు. ఏ భాషైనా ఫర్వాలేదు. ఒకపూట పనిలో పడి పలకలేకపోయినా బెంగ అక్కర్లేదు. తిరిగొచ్చి పలకరిస్తే చాలు, ముచ్చట మళ్లీ మొదలవుతుంది.